రాయి ఉంది, గుంత ఏది?

"తమ్మీ, ఎల్లుండి బోరు బండి వస్తాంది, జర వచ్చి జాగా చూసిపో" అని అక్క ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. సాగర్ డ్యామ్ దగ్గర, నందికొండ పైనున్న గుట్టల్లో వాళ్ల చేను. కొన్నేళ్ల కింద అక్కడ యురేనియం ఉందేమోనని బోర్లు వేసి చూసినవాళ్లు, పైకొచ్చిన బురదను చేలోనే గుంత తీసి పూడ్చారు. గుర్తుగా దాని మీదే ప్రమాదపు బొమ్మ ఉన్న ఒక రాయి పాతి వెళ్లిపోయారు. అక్క పిల్లలు తాగే నీళ్ల బోరు ఆ గుంతకు దూరంగా పడాలి.

షాద్‌నగర్ నుంచి పొద్దున్నే బయలుదేరి హైదరాబాద్‌లో సాగర్ బస్సెక్కాను. మూడు గంటల పైనే పడుతుంది. దారిలో మాల్ అనే ఊళ్లో ఆపితే చాయ్ తాగండి, నాకైతే అదీ సయించలేదు. నందికొండలో దిగాక గుట్టల మీదికి ఆటో కిరాయికి మాట్లాడుకోవాల్సిందే. "గాడ ఏముందని పోతున్నరు సారు? డ్యామ్ చూసిపోరాదుండ్రి" అన్నాడు డ్రైవరు. ఒళ్లు మండింది.

చేరేసరికి పదకొండు దాటింది. చేలో వేపచెట్టు కింద గద్దె, దాని మీద పసుపు పూసి బొట్లు పెట్టిన రాయి. పసుపు కింద ప్రమాదపు బొమ్మ లీలగా కనబడింది. హమ్మయ్య అనుకున్నాను.

"గుంత ఈ చెట్టు కిందేనా అత్తమ్మా?" అని అక్క అత్తగారిని అడిగాను.

"కాదు బిడ్డా! రాయి ముందుగాల ఎండల ఉండె. బొమ్మ చూసి అందరికీ భయమైంది. మైసమ్మే అనుకొని మొక్కినం. తల్లి ఎండల మాడుతాందని నీడకు తెచ్చినం."

"ముందుగాల ఏడుండె?"

ఆమె తూర్పుకు చెయ్యి చూపింది. బావ పడమరకు చూపాడు. "ట్రాక్టరుతోని చదును చేసినం, ఏడ యాదికుంటది?" అని తల పట్టుకున్నాడు.

అక్క బావ వైపు తిరిగింది. "నేను కాన్పుకు పోయినప్పుడు రాయి జరిపిన ముచ్చట నాకెందుకు చెప్పలే? నా పిల్లలకు ఏ నీళ్లు తాగిద్దును?" అని ఏడ్చింది. అక్కడే నిలబడి ఫోన్ తీసి, బోరు బండి వద్దని చెప్పేసింది.

అణువ్యర్థాలను వేల ఏళ్లు పదిలంగా పాతిపెడతామని చదువుతుంటాను. ఇక్కడ పాతినప్పుడు చూసినవాళ్లు బతికుండగానే జాగా తప్పిపోయింది. ఆ బురదతో ఎంత ముప్పో నాకు తెలియదు, తెలియకపోవడమే నిద్ర పట్టనివ్వడం లేదు. భయపడమని రాయి పెట్టారు, వీళ్లు భయపడ్డారు, మొక్కారు. నా కోపమంతా రాయి పెట్టి మళ్లీ తొంగిచూడని వాళ్ల మీదే. నేను తిరుగు ప్రయాణమయ్యేసరికి అక్క బిందె పట్టుకొని ఎప్పటిలాగే దూరపు చేతిపంపుకు నడుస్తోంది.

అటు వెళ్తే తాగునీళ్లు ఎక్కువే పట్టుకెళ్లండి. మిగిలినవి వెనక్కి తేకండి, అక్క బిందెలో పోసి రండి.