మిరప కొట్టు మీద కాపురం

1985 నాటికి చిలకలూరిపేట బజారులో మేడలు లేకపోలేదు. అయితే వాటిలో కింద వ్యాపారం చేసేవాడే పైన కాపురముండేవాడు. కింద కొట్లు, పైన పరాయివాళ్లకు అద్దె ఇళ్లు అన్న పద్ధతిలో, నాకు తెలిసినంతవరకు, మొదటి భవనానికి ప్లాను గీసింది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

స్థలం ఒక మిరప వ్యాపారిది. కింద నాలుగు కొట్లు, పైన నాలుగు వాటాలు ఆయన కోరిక. స్థలం చదును చేసిన రోజు నుంచే ఊరివాళ్లకు అభిప్రాయాలు పుట్టాయి. ఎదుటి కొట్టు పత్తి వ్యాపారి, ఈయనకు వరసకు బావ, టీ బల్ల మీద కూర్చుని రోజూ తీర్పు చెప్పేవాడు.

"కింద మిరపకాయ, పైన కాపురం. పొయ్యి మీద పీటేసుకుని కూర్చున్నట్టుంది బావా. వాకిలి లేదు, కళ్లాపి లేదు. ఆడోళ్లు ముగ్గెక్కడ పెడతారు, మెట్టు మీదా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే ఊళ్లో సగం ఘాటు తగ్గుద్ది బావా," అనేవాడు మిరప వ్యాపారి.

అభిప్రాయానికి విరుగుడు కొలత ఒక్కటే అని నా నమ్మకం. స్థలంలో వెదురు గడ పాతించి, జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన దూది పింజను దారంతో దానికి కట్టాను. మిరప బస్తాలు విప్పేది మధ్యాహ్నం పూట. ఆ మార్చి నెలలో పింజను గమనించిన ముప్పై మధ్యాహ్నాల్లో ఇరవై ఆరుసార్లు అది ఉత్తరానికే వాలింది. అంటే గాలి దక్షిణం నుంచి వీస్తోంది. కొట్ల ముఖం ఉత్తరాన, రోడ్డు వైపు. మెట్లు కొట్ల నడుమ పెడితే పొగగొట్టంలా ఘాటును పైకి లాగుతాయి. వెనుక సందు వైపు పెడితే మంచిగాలి మెట్ల మీదుగా ఇళ్లలోకి వస్తుంది, ఘాటు రోడ్డు మీదికి పోతుంది. నాలుగడుగుల వెడల్పు మెట్లను వెనక్కి జరిపాను. రోడ్డు మీదికి మెట్లే కనబడకపోతే పైన ఇళ్లున్నాయని ఎవరికి తెలుస్తుందని యజమాని చాలాకాలం గొణిగి, చివరకు ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు మిరప కోతల నాటికి భవనం పూర్తయింది. అద్దెకు మాత్రం ఎవరూ రాలేదు. "ఈ సీజను లోపల ఒక్క కాపురమైనా దిగకపోతే పైనంతా బస్తాలు వేసుకుంటానండీ ఇంజనీరు గారూ," అన్నాడు యజమాని. ఇళ్లుగా గీసినవి గోడౌనులయ్యే పరిస్థితి.

అప్పుడు వచ్చారు పర్చూరు నుంచి బదిలీ అయిన ఒక క్రైస్తవ పాఠశాల మాస్టారు, ఆయన తల్లి. ఆమెకు ఉబ్బసం. "అమ్మ ఊఁ అంటేనేనండీ," అన్నారు మాస్టారు. సంగతి తెలిసి పత్తి వ్యాపారి కూడా మా వెనకే మెట్లెక్కాడు.

యజమాని పంతం పట్టాడు. "కింద బస్తాలు విప్పి దులిపిస్తాను. మీరంతా పైన కూర్చోండి. ఎవరికైనా తుమ్మొచ్చిందా, ఇక ఇది గోడౌనే."

చాప పరుచుకుని నలుగురం కూర్చున్నాం. కింద హమాలీలు కాయ దులుపుతున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ల దగ్గు మాకు స్పష్టంగా వినబడుతోంది. పైన మాత్రం ఎవరికీ దగ్గు రాలేదు. మాస్టారు తల్లి ముఖాన్నే చూస్తున్నారు. అంతలో గోడలు అదిరేట్టు ఒక తుమ్ము. పత్తి వ్యాపారిది.

"చూశారా, నేను చెప్పలా?" అన్నాడాయన.

ఆ పెద్దావిడ ఆయన చేతివైపు చూసింది. "ఆ డబ్బీ ఏంది నాయనా?"

"నశ్యమమ్మా. అలవాటు."

"నశ్యం తుమ్ము తీసుకొచ్చి మిరపకాయ మీద వేయమాకు."

ఆమె లేచి మెట్ల పైన నిలబడి నిండుగా గాలి పీల్చింది. "పొగాకు కాల్చే బ్యారన్ల పక్కన బతికినదాన్ని. అక్కడికంటే ఇక్కడే ఊపిరి ఆడతంది."

"మరి ముగ్గెక్కడ పెడతావమ్మా?" పత్తి వ్యాపారి పట్టు వదలలేదు.

"ముగ్గుదేముంది, మెట్టు మీదే పెడతా. క్రిస్మస్‌కి రోడ్డు వైపు నక్షత్రం కడితే, పైన కాపురాలున్నాయని ఊరంతటికీ తెలుస్తది."

తుమ్ము విని పైకి వచ్చిన యజమాని నావైపు చూశాడు. మెట్లు కనబడవన్న ఆయన పాత గొణుగుడు అక్కడితో తీరిపోయింది. ఆ వారంలోనే వాళ్ల సామాను దిగింది. వాళ్లను చూసి మే నెలాఖరుకు మిగతా మూడు వాటాలూ నిండాయి. ఊళ్లో తరువాత కట్టిన అలాంటి భవనాలు కొన్నింటికి మెట్లు వెనకవైపు కనబడితే, నేను ఇప్పటికీ ఆగి చూస్తాను.

ఆ భవనంపై మొదటి ఫిర్యాదు కూడా ఆ మే నెలలోనే వచ్చింది. పై ఇళ్ల నుంచి కాదు, కింది నుంచి. ఏడాదికి సరిపడా కారం కోసం పెద్దావిడ డాబా మీద కాయలు ఎండబెట్టి, అక్కడే రోలు పెట్టించి దంచుతోంది. ఆ దంపుడుకు శ్లాబు పగిలిందేమోనని స్వయంగా చూశాను, వెంట్రుకవాసి పగులు లేదు. దక్షిణపు గాలి తన పని తాను చేసి, ఆ ఘాటునంతా రోడ్డు వైపు కొట్ల మీదికి దింపింది. యజమాని కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ పైకి వచ్చాడు.

"అమ్మగారూ, కాస్త ఆపండి. కింద బేరం చెడతంది."

ఆమె రోకలి దించకుండానే అంది: "నీ కొట్లో కాయే నాయనా."