డ్రమ్స్ వెనక కూర్చుని విన్నట్టు

మా మేనత్త పోయిందన్న కబురు మావయ్య ఫోనులో చెప్పాడు. "అమ్మాయ్, మీ అత్త లేవనేదమ్మా. టీ పెట్టి పిలిత్తే పలకనేదు," అన్నాడు. జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో నేను నడిపే చిన్న రికార్డింగ్ గదిలో అప్పుడొక దుకాణం ప్రకటన రికార్డు చేస్తున్నాను. అద్దానికి అవతల ఉన్న అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసి "క్యా హువా దీదీ?" అన్నాడు. నేను నేల మీది కేబుల్ చుట్టడం మొదలుపెట్టాను. చుట్టాను, విప్పాను, మళ్ళీ చుట్టాను. అత్తావాళ్ళుండే సోనారి వెళ్ళే ఆటోలో కూడా చేతులు ఊరుకోలేదు, బ్యాగు జిప్పు లాగుతూ మూస్తూనే ఉన్నాయి. ఈ కుదురులేనితనం నాకు అత్త నుంచే వచ్చిందని మా అమ్మ అంటుంది.

అత్త ఎక్కడా కూర్చునేది కాదు. కూర భోజనాల బల్ల దగ్గర నిలబడే తరిగేది, అన్నం గుమ్మంలో నిలబడి తినేది. స్కూల్లో లెక్కలు చెప్పేటప్పుడు సుద్దముక్కతో బోర్డు అంచు మీద దరువేసేదట. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కనబడితే ఎక్కాల గురించి కాదు, ఆ దరువు గురించే అడిగేవారు. "కుదురుగా కూర్చోడం నాకు రాదే. కూర్చున్నానంటే అది డ్రమ్స్ ముందే," అనేది.

ఆ మాట అక్షరాలా నిజం. పెళ్ళికి ముందు ఆవిడ ఇక్కడి తెలుగువాళ్ళ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేది. మా నాన్న అందులో బాంగో వాయించేవాడు. డ్రమ్స్ వాయించే అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, ఆ సెట్టు పెట్టుకునే చోటు లేక మా తాతగారి క్వార్టర్ వరండాలో ఉంచారు. ఊరికే ఉన్నది చూసి అత్త వాయించడం మొదలుపెట్టింది. మళ్ళీ మనిషిని వెతికే పని ఎవరికీ పడలేదు. పూజల రోజుల్లో పందిళ్ళ ముందు, వోణీ కొంగు నడుముకు బిగించి వాయిస్తుంటే జనం పాటగాళ్ళను వదిలేసి ఈవిడ వైపు చూసేవారట. పెళ్ళయ్యాక ఆ సెట్టు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆవిడ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే, పాత డ్రమ్స్ అమ్మకానికి ఉన్నాయని ఎవరో చెబితే వెళ్ళి తెచ్చుకుంది. వెనక గదిలో మంచం తీసేసి వాటిని పెట్టింది.

ఒకరోజు నా గదికి వచ్చి, నిలబడే, "నా డ్రమ్స్ రికార్డు చేసిపెట్టాలే. ఇంట్లోనే. నీ స్టూడియోలో కాదు," అంది.

"చిన్న గది అత్తా, గోడలకు కొట్టుకుని శబ్దం గోలగా వస్తుంది," అన్నాను.

"నేను వాయించేది ఆ గదిలోనే కదేటి?"

నాలుగు మైకులు, స్టాండ్లు మోసుకుని వెళ్ళాను. గోడలకు బొంతలు కట్టాం. మోజాయిక్ నేల మీద పెద్ద డ్రమ్ము ముందుకు జారిపోతుంటే మావయ్య బియ్యం బస్తా ఈడ్చుకొచ్చి అడ్డం పెట్టాడు. ఒక మైకు ఆ పెద్ద డ్రమ్ముకు, ఒకటి అడుగున తీగలుండే చిన్న డ్రమ్ము స్నేర్‌కు, రెండు పైన. ఆ పై రెండూ స్నేర్‌కు సమాన దూరంలో లేకపోతే దెబ్బ ఒకదానికి ముందు, ఒకదానికి వెనక చేరి పలచబడిపోతుంది. కొలవడానికి టేపు తేవడం మర్చిపోయాను. అత్త లోపలికెళ్ళి లంగా బొందు పట్టుకొచ్చింది. ఒక కొస స్నేర్ మీద పట్టుకుని, రెండో కొస మైకుకు తగిలించి, దాన్నే రెండోవైపు తిప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ మావయ్య, "బొందుతో కొలిసే స్టూడియో జంషెడ్‌పూర్ మొత్తానికి ఇదొక్కటే," అన్నాడు.

తరవాత ప్రీఆంప్ దగ్గర ఆగిపోయాం. మైకు పట్టేది చాలా సన్నటి సంకేతం. దాన్ని రికార్డు చేసేముందు పెంచే పెట్టె అది. నా దగ్గరున్నది మామూలుది, ఉన్నదున్నట్టు పెంచుతుంది. స్నేహితుడి దగ్గర బరువైన పాతకాలం పెట్టె ఒకటి అరువు తెచ్చాను. దానిలోంచి వెళితే శబ్దం కొంచెం గుండ్రంగా, నిండుగా వస్తుంది. నాకు అదే ఇష్టం. అత్త గోడవైపు తిరిగి నిలబడి, ఏది ఏదో చెప్పకుండా రెండూ వినిపించమంది.

"ఇది ఫోటో దిగేముందు పౌడరు రాసినట్టుంది," అంది నాకిష్టమైనదాన్ని విని. మామూలుది విని, "ఇది అద్దం. నా తప్పులన్నీ కనబడతన్నాయి. ఇదే ఉంచు."

కానీ ఆవిడ దెబ్బ గట్టిది. మామూలు పెట్టె తట్టుకోలేక శబ్దం చిరిగిపోయింది. పెంచడం బాగా తగ్గించాను. అప్పుడు పెద్ద డ్రమ్ము ఆ చిన్న గదిలో ఖాళీ డబ్బాలా మోగింది. దానికొక్కదానికి బరువు పెట్టె తగిలించి వినిపించాను. "సరే, దానికొక్కదానికి పౌడరు రాయి," అంది.

పని అంతటితో అయిపోలేదు. ఆవిడ అయిపోనివ్వలేదు. వాయించేది, లేచి వచ్చి వినేది, మైకు జరపమనేది. "దగ్గర పెడితే దెబ్బ వినబడతది. దూరం పెడితే గది వినబడతది. మనిషి మధ్యలో ఎక్కడో ఉంటది, అది వెతకవే," అనేది. వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను. వెళ్ళేసరికి ఆవిడే స్టాండ్లు మార్చేసి ఉండేది. "అత్తా, అచ్ఛా హై, బస్ కరో, ఇంక చాలు," అంటే, "నీకు అచ్ఛా. నాకు కాదు," అనేది. ఏం కావాలో చెప్పలేకపోయేది. నాకు విసుగొచ్చేది. ఆవిడకు అంతకంటే ఎక్కువ.

చివరికి ఆవిడే పట్టుకుంది. "ఇది ఎదురుగా కూర్చున్నోళ్ళకి వినబడేదే. నేనెప్పుడు కూర్చున్నాను అక్కడ?"

పై మైకులు రెండూ డ్రమ్స్ ముందు నుంచి తీసి ఆవిడ వెనక్కి తెచ్చాను. రెండు భుజాల మీదుగా, చెవులకు కొంచెం పైన. బొందుతో మళ్ళీ కొలిచాం. ఈసారి వాయించి, వచ్చి హెడ్‌ఫోన్స్‌లో వింది. అప్పుడు ఒక పని చేసింది. హెడ్‌ఫోన్స్ తీసి, కుడిది ఎడమ చెవికి, ఎడమది కుడి చెవికి వచ్చేలా తిప్పి పెట్టుకుని, అదే ముక్క మళ్ళీ వేయమంది.

"అట్లా ఎందుకు అత్తా?"

"ఆ పక్కది వినొద్దా?" అంది. కుడిచెవి పోయి చాలా నెలలయిందనీ, ఎడమది కూడా తగ్గుతోందని డాక్టరు అన్నాడనీ అప్పుడు చెప్పింది. ఆ తొందరంతా ఎందుకో అప్పుడు అర్థమైంది. గుమ్మంలో మావయ్య తల దించుకున్నాడు. ఆయనకు ముందే తెలుసు.

"రెండు పక్కలూ ఒకదాంట్లో కలిపేస్తాను. ఒక్క చెవికే అంతా వినబడుతుంది," అన్నాను.

"వద్దు. నాకు రెండు చెవులూ ఉన్నప్పుడు ఎట్లా వినబడిందో అట్లాగే ఉండాల. నాకు సగమే వత్తే, మిగతా సగం నువ్వు ఇను."

ఆ రోజే ఆఖరి రికార్డింగ్. పాటేమీ లేదు, ఒట్టి దరువు. నెమ్మదిగా ఎత్తుకుని, పందిట్లో జనం లేచి నిలబడే చోటికి తీసుకెళ్ళి, అక్కడ తుంచేసింది. మధ్యలో పక్కింటి కుక్కరు కూత వేసింది. తీసేయనా అంటే, "ఉండనీ. ఆళ్ళు నన్ను రోజూ భరించారు," అంది. బాగుందని మాత్రం అనలేదు. "ఇంక జరపకు," అంది. ఆవిడ నోట అది పెద్ద మెప్పు.

తరవాత నేను వెళ్ళినప్పుడల్లా హెడ్‌ఫోన్స్ అటూ ఇటూ తిప్పుకుని వింటూ కనబడేది. ఎడమచెవి పూర్తిగా పోకముందే గుండె ఆగిపోయింది. దీన్ని అదృష్టం అనాలా అని మావయ్య నన్ను అడిగాడు. ఆ రికార్డింగ్ ఇప్పుడు నేను రెండు చెవులతో వింటున్నాను. ఎడమవైపు హైహ్యాట్ తాళాలు, కుడివైపు పెద్ద టామ్ డ్రమ్ము, మధ్యలో దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆవిడ ఊపిరి. నేను ఎప్పుడూ కూర్చోని చోట కూర్చుని వింటున్నాను. ఇంత నేర్పించి వెళ్ళినందుకు దండం పెట్టుకోవాలి. పెట్టుకోవడానికి కూడా ఒకచోట నిలవలేకపోతున్నాను.

కర్మ అయిన మర్నాడు వెనక గదిలోనే ఉండిపోయిన మైకులు తీసుకెళ్దామని సోనారి వెళ్ళాను. మావయ్య ముందుగదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వెనక గదిలో ఒక్కదాన్నే స్టాండ్లు విప్పుతుంటే దగ్గర్లోని ఏరోడ్రోమ్ నుంచి చిన్న విమానం లేచింది. ఆ మోతకు స్నేర్ అడుగున బిగించిన తీగలు వాటంతటవే సన్నగా గలగలలాడాయి. పక్కనున్న మీట వదులు చేస్తే ఆగిపోతాయి. చెయ్యి దాని దాకా వెళ్ళింది. విమానం ఖర్కాయి నది మీదుగా తిరిగి దూరమయ్యేదాకా, ఎవరూ కొట్టని ఆ డ్రమ్ము పక్కన చెయ్యి అలాగే చాచి నిలబడ్డాను.