కర్చీఫు కోసం ఒక సవరణ

దేశ రాజ్యాంగం ఎలా మారుతుందో ఏటా పిల్లలకి పాఠం చెబుతూ, ఒక్క బస్సు సీటు దగ్గర అదే పాఠం అర్థంకాక బతుకు బస్టాండు చేసుకున్నవాణ్ణి నేను. ఆ ఘోరం చెబుతాను వినండి. నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఇన్నేళ్ళకి నేనూ నవ్వుతున్నాను, సగందాకా.

గుంటూరు నుంచి చిలకలూరిపేటకి రోజూ వెళ్ళొచ్చే ఉద్యోగులం పదిహేనుమంది కలిసి ఒక మినీబస్సు మాట్లాడుకున్నాం. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాడు కదా అని నిబంధనలు రాసే పని నాకిచ్చారు. పిచ్చోడి చేతికి రాయిచ్చినట్టు! పన్నెండు రాశాను. నాలుగోది: ముందొచ్చినవారిదే సీటు. పన్నెండోది: ఏది మార్చాలన్నా పదిమంది చేతులెత్తాలి.

మా కాలేజీలోనే బోటనీ చెప్పే వసుంధర అరండల్‌పేటలో ముందే ఎక్కేది. మూడో వరసలో కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీటు మీద నీలం అంచు కర్చీఫు వేసేది. చుట్టుగుంటలో నేనెక్కగానే తీసేది. ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. మిర్చియార్డు దగ్గర బస్సంతా తుమ్ముతుంటే ఆ కర్చీఫు నా చేతికిచ్చేది. ఆ ఘాటు చిలకలూరిపేట దాకా ఉంటే బాగుండునని కోరుకున్న మనిషి గుంటూరు జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఓ రోజు ఆవిడ దగ్గర గొప్పలకి పోయాను. "రాజ్యాంగం రెండు రకాలుగా మారుతుందండీ. ఒకటి సవరణ. పార్లమెంటులో ఓటింగు, ప్రత్యేక మెజారిటీ, పెద్ద తతంగం. రెండోది అక్షరం కదలకుండా మారేది. ప్రాణం అన్న ఒక్క మాటకి గౌరవంగా బతకడమనీ, మంచిగాలి పీల్చడమనీ కోర్టులు ఎన్ని అర్థాలు చెప్పాయో! ఆచారాలూ అంతే. కొన్ని రాయకుండానే రూలైపోతాయి. కొన్ని రూళ్ళు ఎవరూ వాడక పుస్తకంలోనే పడుంటాయి."

"మన కర్చీఫు లాగానా మాస్టారూ?" అంది.

మన అంది! ఆ వారమంతా నేను నేలమీద నడిచినట్టు గుర్తులేదు.

ఇంతలో ఓ పొద్దున బ్యాంకు కోటేశ్వరరావు కర్చీఫు పక్కకి జరిపి ఆ సీట్లో కూలబడ్డాడు. "రూల్లో కర్చీఫు ఎక్కడుందండీ?" అన్నాడు. బుద్ధున్నవాడైతే "కాస్త లేవండి సార్" అనేవాడు. నేను సవరణ పెట్టాను.

"కర్చీఫు వేసిన సీటు, వేసినవారు ఎవరికిస్తే వారిది."

"ఎవరికిస్తారండీ?" అన్నాడు కోటేశ్వరరావు. బస్సంతా నావైపూ వసుంధరవైపూ చూసింది.

"అంటే... మామూలుగా... ఎవరికైనా."

"ఈ గోలంతా ఎందుకండీ? ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. మాస్టారి సవరణకి ఇది నా సవరణ. ఎత్తండి చేతులు!"

తొమ్మిది లేచాయి. "ఆగండాగండి, చర్చ జరగాలి" అంటూ నేను చెయ్యెత్తాను.

"పది!"

"ఇది ఓటు కాదండీ బాబూ!"

"ఎత్తిన చెయ్యి మళ్ళీ దించడం చెల్లదని ఏడో నిబంధన. రాసింది తమరేగా?"

కొండనాలిక్కి మందేస్తే ఉన్న సీటు ఊడింది.

తమాషా ఏమిటంటే, ఆ రూలు పట్టుమని పదిరోజులు నిలవలేదు. మోకాలు నొప్పని కోటేశ్వరరావే ముందుకొచ్చాడు. ఎండని ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కెళ్ళారు. నెల తిరిగేసరికి ఎవరికి నచ్చినచోట వాళ్ళు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టు నేనొక్కణ్ణే చివరి సీట్లో, గతుకు గతుక్కీ టాపుకి తల కొట్టుకుంటూ కూర్చున్నాను.

మూడో వరసలో కర్చీఫు మాత్రం రోజూ ఉండేది.

"ఇంకా అక్కడేనా మాస్టారూ?" అని అడిగింది ఓసారి.

"రూలు రద్దు కాలేదు కదండీ."

"ఎవరూ పాటించట్లేదుగా?"

"రద్దు చెయ్యాలంటే పదిమంది కావాలండీ."

ఆవిడ కిటికీవైపు తిరిగింది. మిరపకోతల రోజుల్లో కనిగిరికి బదిలీ అయింది. ఆఖరిరోజు దిగబోతూ కర్చీఫు మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీరు చెప్పిన రెండో పద్ధతే నాకు నచ్చిందండీ. ఎవరూ ఓటెయ్యకుండా మారిపోయేది."

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "అవునండీ, చాలా ముఖ్యం. పరీక్షలో తప్పకుండా వస్తుంది" అన్నాను.

ఆవిడ నవ్వి దిగిపోయింది. నాకు అర్థమయ్యేసరికి మూడో వరస ఖాళీ. ఆవిడంటే నాకు ప్రాణమని బస్సులో అందరికీ తెలుసు. ఆవిడకే చెప్పలేదు. ఇప్పటికీ ఆ పాఠం వచ్చినరోజు కర్చీఫుతో కళ్ళు తుడుచుకుంటాను. మిరపఘాటని పిల్లలకి చెబుతాను.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా నాకోసం కర్చీఫు వేస్తే, ఏ నిబంధనా వెతక్కుండా వెళ్ళి కూర్చుంటాను. దీనికి సవరణ లేదు.

అందాకా మూడో వరసలో నేనే కూర్చుని, పక్క సీటు మీద నా కర్చీఫు వేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ తియ్యమనలేదు. కోటేశ్వరరావైతే, సీట్లు నిండినరోజు పేట దాకా నిలబడే వస్తాడు.