వాగు దగ్గర మొండికేసిన మైలోడు

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు నుంచి జోగిపేట వైపు నేను చేసిన ఆ ఒక్కరోజు ప్రయాణానికి కారణం ఒక మొక్కు. అది కూడా నేను మొక్కుకున్నది కాదు. మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం బాపట్ల వైపు నుంచి వచ్చి మేము క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా పద్మకు ఆరేళ్ళప్పుడు టైఫాయిడ్ తిరగబెట్టింది. డాక్టరుగారు కూడా మొహం చాటేస్తున్న రోజుల్లో, పక్క క్వార్టర్లో ఉండే రూతమ్మ టీచరు వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పిల్ల లేచి కూర్చుని పెరుగన్నం తిన్న రోజు నెమ్మదిగా చెప్పింది: "అక్కా, నువ్వు ఏమనుకోకు. బిడ్డ లేస్తే మా దిక్కు కోత పండుగకు పద్మ చేతుల మీదుగా ఎద్దును కానుకిస్తనని మొక్కుకున్న. ఎద్దు మా తమ్ముడు యేసోబు ఇస్తడు. పైసలు గిట్ట ఇస్తనంటే మాత్రం ఊకోడు."

చూసి ఎరగని మనిషి, మా పిల్ల కోసం ఎద్దునే ఇస్తానన్నాడని విని నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో మొక్కంటే భయం కూడా ఉంది. ఆలస్యమైతే వడ్డీతో సహా వసూలు చేస్తాడంటారు కదా మా ఏడుకొండలవాడు! ఆ మాటంటే రూతమ్మ పడీపడీ నవ్వి, "మా దేవుడు వడ్డీ తీసుకోడు గని, హర్రాజు అయిపోతే మా పాస్టరయ్య ఊకోడు. జల్దీ పోవాలె" అంది. హర్రాజు అంటే వేలం పాట. కోతలయ్యాక రైతులు తొలి పంటో, కోడో, మేకో చర్చికి తెచ్చి ఇస్తారు. ప్రార్థన అయ్యాక వాటిని పాట పెడతారు. అది కాస్తా అయిపోతే మళ్ళీ ఏడాదే. ఏడాదిపాటు ఆ బాకీ పిల్ల నెత్తిన ఉంచడం నా వల్ల కాదనుకున్నాను.

మా ఆయనకు షిఫ్టు. నేనూ, పద్మా, రూతమ్మా పొద్దున్నే ఆరింటి బస్సెక్కి సంగారెడ్డిలో దిగాం. జోగిపేట బస్సు ఎంతసేపటికని అడిగితే కండక్టరు చేత్తోనే చూపించి, "గదే, నిండుతుంది సూడు! ఇంక ముచ్చట్లు పెడితే నిలవడి పోవాలె" అన్నాడు. పరుగెత్తాం. ముగ్గురికీ కలిపి టికెట్ రెండు రూపాయల లోపే అయినట్టు గుర్తు. రోడ్డుకు రెండు పక్కలా కోసిన జొన్న చేలు, కంది చేలు. రాత్రి ఉత్తరాన మెరుపులు మెరిశాయి కానీ మా నెత్తిన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. జోగిపేటకు ఇవతలే దిగి, పొలాల గట్ల మీదుగా రూతమ్మ పుట్టింటికి నడిచేసరికి బాగా ఎండెక్కింది. వాళ్ళ అవ్వ, అంటే తల్లి, వేడివేడి జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం వేసి చేతిలో పెట్టింది. ఆ రుచి చెప్పనలవి కాదు. పద్మ రెండోది అడిగి తింటుంటే నేను అలా చూస్తూ కూర్చున్నాను. నెల క్రితం గంజి కూడా దిగని గొంతు అది.

మెళ్ళో బంతిపూల దండతో ఎద్దు సిద్ధంగా ఉంది. మైల రంగు, ఒడ్డూ పొడుగూ బాగానే ఉంది. "ఇంత మంచి ఎద్దును ఇచ్చేస్తున్నావా తమ్ముడూ!" అని నేను పొంగిపోతుంటే అవ్వ ఫక్కుమంది. "మంచిదా? గా మైలోడు వాగు కనవడితే మొండికేస్తడు బిడ్డా. నిరుడు బురదల దిగవడ్డప్పటి సంది గంతే. కాడి కింద పనికి రాడు. పనికి రానిది దేవునికి ఇస్తుండు నా కొడుకు!" యేసోబు తల గోక్కుని, "పూజకు పనికొస్తది గదనే అవ్వా" అన్నాడు. రూతమ్మ సిగ్గుతో ఎర్రబడి తమ్ముణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నాకూ లోపల చివుక్కుమంది. దానం ఇచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదని సరిపెట్టుకున్నాను.

చర్చి వాగు అవతలి ఊళ్ళో ఉంది. వెనక బండిలో నేను, రూతమ్మ, అవ్వ; ముందు కానుక. వాళ్ళ ఆచారం ప్రకారం కానుక ముందు నడవాలి, మనుషులు దాన్ని దాటి పోకూడదు. దండ వేశాక దాని ఒంటి మీద కట్టె పడకూడదు. కానుక ఇచ్చేది పద్మ కాబట్టి పగ్గం కొస పిల్ల ముంజేతికి ఒక చుట్టు చుట్టారు. యేసోబు పక్కన నడుస్తూ పగ్గం పట్టుకున్నాడు. పిల్ల మహారాణిలా నడిచింది.

వాగు వచ్చింది. చీలమండలు తడిసేంత నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. పద్మా, యేసోబూ దాని పక్కనే నీళ్ళలో దిగారు. మైలోడు ముందుకాళ్ళు తడుపుకుని ఆగిపోయాడు. బెల్లం చూపించారు, గడ్డి చూపించారు, యేసోబు బతిమాలాడు. ఊహూఁ! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క దెబ్బ వెయ్యవయ్యా, హర్రాజు అయిపోతుంది!" అన్నాను. "వామ్మో, కట్టె ముట్టొద్దు అక్కా" అన్నాడు. "పోనీ పిల్లనూ నన్నూ అవతలికి నడవనివ్వండి, ఎద్దును తర్వాత తోలుకురండి" అన్నాను. బండిలోంచి అవ్వ గట్టిగా అరిచింది: "కానుకను దాటొద్దు బిడ్డా! జెర ఆగు. ఏం మునిగిపోతదని?"

మూతి ముడుచుకుని బండిలోనే కూర్చున్నాను. చాలాసేపు అలాగే గడిచింది. ఉన్నట్టుండి మైలోడు తలెత్తి చెవులు రెండూ వాగు ఎగువకు తిప్పాడు. ఒక్కసారి బుస్సుమని, వెనక్కి తిరిగి గట్టు మీదికి దూకాడు. పగ్గం పట్టుకున్న యేసోబు పట్టు తప్పి బోర్లా పడ్డాడు. ముంజేతికి చుట్టు ఉన్న పద్మను మాత్రం అది రాళ్ళ మీద ఈడ్చుకుంటూ గట్టెక్కించేసింది. "అయ్యో నా పిల్ల!" అని బండిలోంచి దూకాను. పిల్ల మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. నోటికొచ్చినట్టు ఎద్దును తిట్టాను. దాని వంశాన్ని తిట్టాను. వెనకే యేసోబు కుంటుతూ, "గట్ల గుంజుతవారా!" అని దాని మీద అరుస్తూ పైకొచ్చాడు.

నా తిట్లు పూర్తి కాలేదు. బండి కదలకుండానే మా కాళ్ళ కింద నేల అదిరింది. "వాగొచ్చింది!" అని యేసోబు కేక. ఎర్రటి నీళ్ళు, తుమ్మ కొమ్మలు, ఎవరిదో గుడిసె కప్పు, అన్నీ కలిసి మలుపు తిరిగి వచ్చిపడ్డాయి. ఇంతకుముందు పిల్ల నిలబడ్డ చోటు మునిగి, మనిషి ఎత్తు నీళ్ళు పరుగెత్తాయి. రాత్రి ఎగువన కురిసిన వానకు కుంట కట్ట తెగిందని తర్వాత తెలిసింది. నేను పద్మను గుండెకు అదుముకున్నాను. మైలోడు పక్కనే నిలబడి, ఏమీ ఎరగనట్టు తన దండలోని బంతిపూలు తానే తింటున్నాడు. వెళ్ళి దాని మెడ కావలించుకుని ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం!

వాగు తగ్గేసరికి మధ్యాహ్నం బాగా దాటింది. ఆకలేసిందేమో, ఈసారి బెల్లం చూపిస్తే మైలోడు ఒక్కో అడుగే వేస్తూ నీళ్ళు దాటాడు. హర్రాజు ఎప్పుడో అయిపోయి ఉంటుందని బెంగగా వెళ్ళాం. చర్చి ముందు జనమంతా అలాగే కూర్చుని ఉన్నారు. పాస్టరుగారు లేచి వచ్చి, "వాగు అవతలోళ్ళు రాలేదని ఆపినం" అన్నారు. ఆ మాటకు మళ్ళీ కళ్ళు నిండాయి. పద్మ కట్టుకట్టిన మోకాలితో కుంటుతూ వెళ్ళి పగ్గం ఆయన చేతిలో పెట్టింది. మొక్కు తీరింది.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. పొద్దున ఎవరూ ఊరికే ఇచ్చినా తీసుకోని ఎద్దు, మా కథ విన్నాక అందరికీ కావలసి వచ్చింది. పాట ఎగబాకుతోంది. అందరికంటే గట్టిగా పాడుతున్నది ఎవరనుకున్నారు? యేసోబే! రూతమ్మ వాడి చొక్కా లాగి, "ఏందిరా, పనికి రాదంటివి గద?" అంది. "నాకు పనికి రాదక్కా," అన్నాడు వాడు, చెయ్యి దించకుండా. "పానాలకు పనికొస్తది." చివరికి జొన్నలు అమ్మాక కడతానని మాటిచ్చి తన ఎద్దును తానే కొనుక్కున్నాడు. ఊరంతా గొల్లున నవ్వింది. తిరుగుదారిలో మైలోడు బండి వెనక రాజాలా నడిచాడు.

మరి మైలోడికి వరద వస్తుందని తెలుసా? రూతమ్మ టీచరు కదా, గిట్టల కింద నేల అదురు తెలిసి ఉంటుందనేది. యేసోబు మాత్రం, మైలోడు నీళ్ళు చూస్తే ఎప్పుడూ ఆగుతాడు, ఆ రోజూ ఆగాడు, వెనక్కి దూకినప్పుడు మాత్రం ఏదో విన్నాడు, అంతకుమించి నాకు తెలియదనేవాడు. బాపట్లలో మా తాతయ్య అనేవాడు: "గాలివానకు ముందు పశువులు అరుస్తాయి. అరిచినప్పుడల్లా గాలివాన రాదు." మూడూ నిజాలే అనిపిస్తుంది నాకు. తెలిసి ఆగిందో, భయంతో ఆగిందో నాకిప్పటికీ తెలియదు. కొట్టకూడదన్న ఆచారం, దాటొద్దన్న అవ్వ కేక లేకపోతే అది ఆగినా మేము ఆగేవాళ్ళం కాదు. అందుకే ఎద్దుకు ఎంత రుణపడ్డానో ఆ ముసలమ్మకూ అంతే రుణపడ్డాను. ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే మా పద్మ ఇప్పటికీ వాదించదు, మోకాలి మీది మచ్చ ఒకసారి తడుముకుంటుంది.

ఇప్పుడు ఆ దారిలో చాలా వాగులకు వంతెనలు వచ్చాయి. అయినా వానాకాలం చివర్లో వంతెన లేని వాగు దాటాల్సి వస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ నెత్తిన ఆకాశాన్ని నమ్మకండి, రాత్రి ఎగువన వాన పడిందేమో ఒడ్డున ఉన్నవాళ్ళను అడగండి. ముందు నడిచే పశువు ఆగితే మీరూ ఆగండి. ఆలస్యమవుతుందని కంగారు పడకండి, అవతలివాళ్ళు ఎదురుచూస్తారు.