సబ్బు ముద్ద

మా ఇంట్లో ఇప్పుడు సబ్బు బిళ్ళ ఉండదు. నొక్కితే కారే సీసాలే. దుబారా అని అమ్మ సణుగుతుంది. సణగనీ. అరిగిన సబ్బు ముక్క కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిన్నప్పుడు మేం కృష్ణానగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. అమ్మ ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఒక సినిమా నిర్మాత ఇంట్లో పనిచేసేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చుట్టాల రాక ఎక్కువ. షూటింగ్ చూడాలని కొందరు, ఆస్పత్రి పనుల మీద కొందరు. వచ్చిన ప్రతివాళ్ళకీ బాత్రూంలో కొత్త సబ్బు విప్పి పెట్టాలని ఆ ఇంటి మేడమ్ పట్టుదల. ఒకరు ఒంటికి రుద్దుకున్నది ఇంకొకరికి పెడితే పరువు పోదూ. వాళ్ళు వెళ్ళాక మిగిలిన ముక్కల్ని మేడమే ఒక కవర్లో వేసి, "పారెయ్యడం ఎందుకు, తీసుకెళ్ళు" అని అమ్మ చేతిలో పెట్టేది.

అమ్మ వాటిని సన్నగా తురిమి, వేడినీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక పిసికి, స్టీలు గిన్నెలో అదిమేది. వారం రోజులు కిటికీలో ఆరాక గిన్నె బోర్లించి తడితే ముద్ద ఊడిపడేది. దాని నిండా గులాబీ, తెలుపు, ఆకుపచ్చ చారలు. గంధం, మల్లె, నిమ్మ అన్నీ కలిసిన వాసన. మా వాడకట్టులో అలాంటి సబ్బు ఇంకెవరికీ లేదని నాకు పొగరు.

అమ్మకి ఒక పట్టింపు ఉండేది. పరాయి ఇంట్లో పూచికపుల్ల కూడా అడక్కుండా ముట్టకూడదు, అబద్ధం ఆడకూడదు. ఒకసారి బళ్ళోంచి తెచ్చుకున్న పెన్సిల్‌ని దారిలో దొరికిందన్నందుకు, నన్ను మళ్ళీ బడిదాకా ఈడ్చుకెళ్ళి టీచరు బల్ల మీద పెట్టించింది.

వేసవి సెలవుల్లో నన్నూ పనికి వెంట తీసుకెళ్ళేది. వంటింటి వెనక మెట్టు మీద కూర్చునేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఒకరోజు, చుట్టపుచూపుగా వచ్చిన మేడమ్ ఆడపడుచు మంచినీళ్ళ కోసం వచ్చి నా పక్కన ఆగింది.

"ఈ ఇంటి సబ్బు వాసన నీ దగ్గరెందుకొస్తోందే?"

"మా అమ్మ చేసింది. మేడమ్ ముక్కలిస్తది గదా, గవన్నీ కలిపి," అన్నాను మురిసిపోతూ.

ఆవిడ నవ్వి, లోపలున్న మేడమ్‌కి వినబడేలా అంది. "ఏంటి వదినా, మేం వాడి వదిలేసిన సబ్బులు పనివాళ్ళకి పంచుతున్నావా? కొత్తదొకటి కొనివ్వడానికి చెయ్యి రాలేదా?"

మేడమ్ మొహం మాడిపోయింది. "నేనెందుకిస్తాను? చెత్తబుట్టలో వెయ్యమన్నాను." అమ్మ వైపు తిరిగింది. "అడక్కుండా తీసుకెళ్ళడం ఏంటి? అడిగితే ఇవ్వనా నేను?"

అమ్మ చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉంది. నేను అమ్మ నోటి వైపే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. మీరే ఇచ్చారు కదా అంటే చాలు.

"తప్పయింది మేడమ్," అంది అమ్మ.

గుట్ట దిగుతుంటే అడిగాను. "ఆమెనే ఇచ్చింది గదా. ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఆమె అబద్ధమాడినట్టయితది. ఆడపడుచు ముంగట ఆమె ఇజ్జత్ పోతది. రేపు గా ఇంట్ల నాకు పనుంటదా?"

"మరి నీ ఇజ్జత్?"

అమ్మ నడక వేగం పెంచింది.

మేడమ్ రాక్షసేం కాదు. ఒక ఏడు నాకు బడి పుస్తకాలు కొనిచ్చింది కూడా. పిసినారి అనిపించుకోవడం కంటే మా అమ్మను దొంగను చెయ్యడం ఆవిడకు సులువుగా తోచింది, అంతే. అదే నాకు మింగుడుపడదు.

ఆడపడుచు ఊరెళ్ళిన వారానికి మేడమ్ ఎప్పట్లాగే కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఏమీ జరగనట్టే. అమ్మ తీసుకుంది. ఎప్పట్లాగే తురిమింది, పిసికింది, అదిమింది.

కొత్త ముద్ద ఆరాక, దాంతో స్నానం చెయ్యనని నేను మొండికేశాను. అమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది. అక్కడ పెగలని నోటికి బదులు ఇక్కడ చెయ్యి లేచింది. ఆ తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆ సబ్బుతోనే వీపు రుద్దింది. నీళ్ళు పోస్తూ మెల్లగా అంది.

"ఇగ గాడ ఎవరన్నా అడిగితే, దుకాణంల కొన్నమని చెప్పు."

సరేనన్నాను. మా అమ్మ నాకు అబద్ధం నేర్పింది ఆ ఒక్కసారే.