పేరు రాయని రోగం

మేం పనిచేసిన సర్కారు దవాఖానా పేరు చెప్పను. నాందేడ్‌లోదే. అక్కడ నేను నర్సును, నాగనాథ్ రికార్డు గుమాస్తా. బయటినుంచి వచ్చిన రక్తపరీక్షల రిపోర్టు చూసి రిజిస్టరులో రోగం పేరు ఎక్కించడం, పేషెంటుకు చీటీ రాసివ్వడం ఆయన పని. ఎవరైనా ఏడిస్తే కాదనలేని మనిషి. ఆ మెత్తదనమే కొంప ముంచింది. రూపాలి అనే పిల్ల పేరు వింటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

తొంభైతొమ్మిదిలో ముఖేడ్‌నుంచి రఖమాబాయి తన కూతురు రూపాలిని తీసుకొచ్చింది. రిపోర్టులో బ్లడ్ క్యాన్సర్ అని ఉంది. పిల్లను బయట కూర్చోబెట్టి తల్లి నాగనాథ్ కాళ్ళ మీద పడింది.

"మందే లేని రోగానికి పేరెందుకన్నా? గా పేరు రాస్తె పిల్లను ఎవడు చేసుకుంటడు? రక్తం తక్కువున్నదని రాయి. ఉన్నన్ని దినాలు సంసారమన్న చేసుకుంటది."

రాశాడు. పెళ్ళికెదిగిన పిల్లలకు మా దిక్కున అలా దాచిపెట్టడం పుణ్యమనే అనుకునేవాళ్ళం. నేనూ చూసి ఊరుకున్నాను, నా నోరు పడిపోను! భోకర్‌లో పెళ్ళయితే నాగనాథ్ పోయి అక్షింతలు కూడా వేసొచ్చాడు.

నాలుగేళ్ళకు పైనుంచి కాగితం వచ్చింది. రూపాలికి వచ్చిన రకం బ్లడ్ క్యాన్సర్‌కు రోజూ మింగే మాత్ర వచ్చిందట, ఇకమీదట మా దగ్గరే ఇస్తారట. డాక్టరు శిక్షణకు పోయొచ్చాడు, ల్యాబుకు కొత్త సామాను దిగింది. పాత రిజిస్టర్లు తీసి బతికున్నవాళ్ళను పిలిపించమన్నారు. నాగనాథ్ పదకొండు పేర్లు రాసి కలం కింద పెట్టాడు.

"శీతల్‌బాయీ, ఇంకో పిల్లున్నది. రిజిస్టర్ల లేదు. నేనే లేకుంట చేసిన."

"మల్ల కూసున్నవేందన్నా? లే!" అని అరిచాను. ఇద్దరం భోకర్ బస్సెక్కాం. దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

గడపలో రూపాలి అత్త పార్వతీబాయి ఎదురైంది. రూపాలి పోయి పదహారు రోజులట.

"శానా తిప్పినమన్నా. టానిక్కులు తాపినం, రక్తం గుడ ఎక్కిచ్చినం. ఎక్కడికి పోయినా మీ దవాఖాన చీటీనే ముందల పెట్టినం. పెద్ద దవాఖాన రాసిచ్చిందని మల్ల పరీక్ష ఎవ్వరు చెయ్యలే."

లోపలికి పోయి ప్లాస్టిక్ సంచిలోంచి చీటీ తెచ్చి చూపించింది.

"గిది నేనే రాసిన," అన్నాడు నాగనాథ్. ఆ రాత అబద్ధమని ఆమెకు తెలియదు.

"మా కోడలికోసం గింత దూరం అచ్చినవా అన్నా," అని పార్వతీబాయి ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.