ముప్పై నిండిన పెద్దన్న

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయే బాట పక్కన మా చర్చి వాళ్ల పెంకుటిల్లు ఒకటి ఉండేది. పెళ్లికాని మగవాళ్లం ఏడుగురం అందులో కలిసి ఉండేవాళ్లం. వంట వంతుల మీద, ఊడ్చడం వంతుల మీద, నీళ్లు తోడటం వంతుల మీద. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి మసి రాలి, ఆరేసిన తెల్ల చొక్కాలు నల్లచుక్కల చొక్కాలయ్యేవి. చెరుకు మడ్డి వాసన అన్నంలో కూడా ఉండేది. శనివారం సాయంత్రం మాత్రం రెండు తలుపులూ బార్లా తెరిచి పెట్టేవాళ్లం. ఆ పూట ఊళ్లో ఎవరు వచ్చినా మా బల్ల దగ్గర కూర్చుని తినవచ్చు. కులం అడగం, మతం అడగం, వయసు కూడా అడగం. వయసు అడిగేది ఆ ఇంట్లో ఉంటామని వచ్చినవాళ్లనే. పద్దెనిమిది నిండి ఉండాలి. ముప్పై నిండితే ఆ నెలాఖరుకు మంచం ఖాళీ చెయ్యాలి.

ఈ ఏర్పాటంతా ఒక పెద్దాయనది. బడి హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయినవాడు, చర్చి పెద్ద. సహకార వ్యవసాయం చూసి రమ్మని సర్కారు పంపిన జట్టుతో ఒకసారి యూదుల దేశం పోయి వచ్చాడు. వెంట పోయినవాళ్లు అక్కడి కోళ్ల గురించి, నీటి గొట్టాల గురించి చెప్తే ఈయన మాత్రం యూదుల పడుచువాళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకే కుండలో వండుకుని తినడం గురించే చెప్పేవాడు. శుక్రవారం పొద్దుగూకగానే వాళ్లు దీపాలు పెట్టి, బల్ల పరిచి, రొట్టె విరిచి పంచుకుంటారట. ఫ్యాక్టరీ షిఫ్టుల వల్ల మనకు శుక్రవారం కుదరదని శనివారం పెట్టాడు. అక్కడి ఇళ్లలో కూడా వయసు హద్దు ఉందట. దాన్ని మాత్రం మార్చకుండా తెచ్చాడు.

"హద్దు ఎందుకు సార్?" అని మాలో ఒకడు అడిగాడు.

"బస్సు ఎక్కినోడు దిగకుంటే ఎన్కొచ్చేటోడు యాడ కూసుంటడు బిడ్డా? ముప్పై దాటినోనికి తన ఇల్లు తనకు గావాలె. గీడ్నే అలవాటు పడితే పండ్లూడేదాక గీడ్నే పంటడు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఇరవై ఆరే.

మా చర్చి గంట మా తాత ఇచ్చింది. ఆదివారం అది మోగినప్పుడల్లా నేను ఎక్కడున్నా వీపు నిటారు చేసుకునేవాణ్ని. మాకు చెరుకు తోటలు, ఆరు జతల ఎడ్లు, రాతి మెట్ల ఇల్లు ఉండేవంటే ఇప్పుడు నమ్మేవాళ్లు తక్కువ. నేను ఎదిగి వచ్చేసరికి తోటలు దావాల్లో పోయాయి. రాతి మెట్ల ఇంట్లో పసుపు వ్యాపారి బస్తాలు పేర్చుకున్నాడు. నేను చెరుకు కాంటా దగ్గర గుమస్తాగా చేరాను. బండ్లు తోలే ముసలివాళ్లు కొందరు నన్ను ఇంకా "పటేలా" అని పిలిచేవారు. నేను ఒక్కరినీ వద్దనలేదు.

ఆ ఇంట్లో వయసులో అందరికంటే పెద్దవాణ్ని పెద్దన్న అనేవాళ్లం. శనివారం బల్ల కొసన ఉన్న చేతుల కుర్చీ అతనిది. మొదటి జొన్నరొట్టెను అతను విరిచి పంచాలి. అతను విరిచేదాకా బయటి నుంచి వచ్చినవాళ్లు కూడా చెయ్యి కదపరు. నేను చేరిన మరుసటి ఏడు పాత పెద్దన్న ముప్పై నిండి వెళ్లిపోయాడు, కుర్చీ నాకు వచ్చింది. మా ఇంటి మర్యాద ఊళ్లో ఇంకెక్కడా మిగలలేదు గాని, ఆ కుర్చీలో వారానికొక పూట మిగిలింది.

ఆ ఏడే ఇంట్లోకి ఒక కొత్తవాడు వచ్చాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతని నాయిన మా తాత దగ్గర చెరుకు బండి తోలినవాడు. పెద్దాయన బాప్తిస్మాల పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచాడు. మా వయసులకు అదే సాక్ష్యం. మా ఇంటివాళ్లం రెండు తరాల నుంచి చర్చిలో ఉన్నవాళ్లం కాబట్టి నాకు పుట్టిన నెలలోనే బాప్తిస్మమైంది. అతని వాళ్లు ఇంటిల్లిపాదీ ఒకేరోజు చర్చిలో కలిశారు. అప్పటికి అతను చెట్లెక్కే పిల్లవాడు. ఆనాటి పాదిరి పుట్టిన తేదీ గడిని ఖాళీగా వదిలి, బాప్తిస్మం తేదీ ఒక్కటే రాసుకున్నాడు. పెద్దాయన ఆ తేదీ నుంచే వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇరవై రెండు" అన్నాడు.

ఇరవై రెండు కాదని నాకు తెలుసు. కాలువ నీళ్లు మొదటిసారి మా తోటలోకి వచ్చిన వారంలో మేమిద్దరం పుట్టామని మా అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. సోమవారం నీళ్లు చూడటానికి గట్టు మీదికి పోయిన అతని తల్లికి అక్కడే నొప్పులొచ్చాయట. నేను గురువారం పుట్టాను. "వాడు నీళ్లతోని వచ్చిండు, నువ్వు నీళ్లెన్క వచ్చినవ్" అని మా అవ్వ నన్ను ఆటపట్టించేది.

ఆ మాట అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్తే మూడు రోజుల పెద్దరికం అతనిది, కుర్చీ అతనిది. మా బండి తోలినవాడి కొడుకు విరిచిన రొట్టె కోసం నేను చెయ్యి చాపాలి. కుర్చీ చేతుల మీద నా చేతులు పెట్టుకుని ఊరుకున్నాను. అతను నా వంక ఒక నిమిషం చూసి నవ్వాడు.

"అన్నా, నా మంచం యాడ?" అన్నాడు.

ఆనాటి నుంచి నేను అతనికి అన్నను.

అతని మీద నాకు అసూయ ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పచ్చిపులుసుతోనే అనుకుంటాను. ఉల్లిగడ్డలు నిప్పుల్లో కాల్చి, చేత్తో పిసికి, నువ్వుల పొడి కలిపి చేసేవాడు. అతని వంతు శనివారం పడితే జనం బల్ల దగ్గర పట్టక అరుగు దాకా కూర్చునేవారు. నా వంతు పడితే మాలో ఉన్న, బడిలో పాఠాలు చెప్పే కుర్ర పంతులు వాకిట్లో నిలబడి, "ఇయ్యాల పటేల్ వంట! ఇండ్లల్ల తినే రాండ్రి" అని అరిచేవాడు. ఊళ్లో ఎవరి లాంతరు పాడైనా, ఎవరి సైకిల్ చైను తెగినా అతని కోసమే వచ్చేవారు. నన్ను దాటుకుని లోపలికి పోయేవారు. పెద్దాయన అందర్నీ "బిడ్డా" అనేవాడు, నన్ను మాత్రం "మీరు" అనేవాడు. మొదట్లో అది మా తాత గంటకు దక్కిన గౌరవమనుకున్నాను. అతన్ని "బిడ్డా" అని భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఆ "మీరు" నాకు చేదెక్కింది.

మూడేళ్లు గడిచాయి. నేను పుట్టిన నెల వచ్చింది.

"ఈ నెల మీకు ముప్పై నిండుతయి. కమ్రా ఏమన్న సూసుకున్నరా?" అన్నాడు పెద్దాయన.

చూసుకోలేదు. మార్కెట్ వెనక ఒంటిగది తప్ప నాకు వేరే దిక్కు లేదు. అక్కడ ఎవరూ నేను రొట్టె విరవాలని ఆగరు.

"నా తర్వాత పెద్దన్న ఎవరు సార్?"

"మన ఫిట్టరే. మిగిలినోళ్లంత వానికంటె చిన్నోళ్లు గద. పుస్తకం పకారం వానికింక అయిదేండ్లు ఫికర్ లేదు."

నాకు కుర్చీ ఇచ్చిన పుస్తకమే నన్ను బయటికి పంపుతోంది, అతన్ని ఇంకో అయిదేళ్లు ఉంచుతోంది. శనివారం దాకా ఓర్చుకున్నాను. ఆ సాయంత్రం పది పన్నెండు మంది బయటివాళ్లు వచ్చారు. రొట్టె చేతిలోకి తీసుకుని విరవకుండా ఆగాను.

"సార్, ఉమర్ హద్దు అందరికి ఒక్కటేనా?"

"ఒక్కటే."

"అట్లయితే ఫిట్టరుకు సుత ఈ నెల్లనే ముప్పై నిండినయి. నాకంటె మూడు రోజులు ముందే. పుస్తకంల ఉన్నది పుట్టిన తేది కాదు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"గీ సంగతి మీకు ఎప్పటి సంది ఎర్క?"

నేను చేతిలో రొట్టెను అటూ ఇటూ తిప్పాను. కుర్ర పంతులే చెప్పాడు: "కుర్చీ ఎక్కిన కాడి సంది ఎర్కనే ఉంటది సార్." ఎవరో కిసుక్కుమన్నారు.

ఫిట్టరు చేతికంటిన పచ్చిపులుసు తుడుచుకున్నాడు. ఆ పూట వంట అతనిదే.

"నాకు సుత ఎర్కనే సార్. మా అమ్మ చెప్పింది. వచ్చిన్నాడే చెప్దామనుకున్న. అన్న దిక్కు సూసిన. ఇడిస్తె ఎవలన్న గుంజుకపోతరన్నట్టు కుర్చీని పట్టుకొని కూసున్నడు. నాకు మంచం దొరికె, సాలు. కుర్చీ నాకెందుకని ఊకున్న."

అతను దాన్ని ఎత్తిపొడుపుగా అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది.

"పోనీ తియ్ బిడ్డా," అన్నాడు పెద్దాయన. "పుస్తకంల ఏమున్నదో గదే లెక్క. నువ్వుండు."

"హద్దు హద్దే గద సార్. అన్న పోతుంటె నేనెట్లుంట?"

"ఉండన్నా" అన్నారు మిగిలినవాళ్లు. బయటి నుంచి వచ్చిన ఒక ముసలామె కూడా "ఉండు కొడుకా" అంది. ఆ ముసలామె నేను విరిచిన రొట్టె ఎన్నో శనివారాలు తిన్నది. నన్ను ఉండమని ఆమె అనలేదు, పెద్దాయన అనలేదు, ఎవరూ అనలేదు. అనరని నాకు తెలుసు. నా తేదీ సరైన తేదీ. అయినా ఒక్కరు అంటారేమోనని రొట్టె పట్టుకుని కాసేపు చూశాను.

నెలాఖరు శనివారం కుర్ర పంతులు చేతుల కుర్చీని ఫిట్టరు వైపు జరిపాడు. "మూడు రోజులు పెద్దోనివి గద పెద్దన్నా, కూసో."

"గా కుర్చీ అన్నదే," అని అతను దాన్ని మళ్లీ నా వైపు తోశాడు. అతను ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాను. అతను కాల్చిన రొట్టె విరిచాను. మర్నాడు పొద్దున రెండు పెట్టెలు గడప దాటాయి. అతని పెట్టె ముగ్గురు పట్టుకుని ఫ్యాక్టరీ గల్లీ దాకా మోశారు. నా దానికి కూలీని పిలిచాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "మంచిగుండుండ్రి" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఒక శనివారం కాంటా పని ముగించి సైకిల్ మీద ఆ బాటనే వస్తున్నాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చేతుల కుర్చీలో ఇరవై నాలుగేళ్ల కుర్ర పంతులు కూర్చున్నాడు. ఫిట్టరు వచ్చినవాళ్ల మధ్య గడప దగ్గర చాప మీద కూర్చున్నాడు. కుర్చీ వైపు ఎవరూ చూడటం లేదు. అందరి మొఖాలూ చాప వైపే ఉన్నాయి.

అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, రా! పచ్చిపులుసు చేసిన. తినేటోనికి ఉమర్ హద్దు లేదు గద!"

"తినే వచ్చిన" అన్నాను.

మార్కెట్ వెనక నా ఒంటిగదిలో పొయ్యి పొద్దుటి నుంచి ముట్టించలేదు. వీపు వంచకుండా సైకిల్ తొక్కుతూ మూల తిరిగాను. వెనక అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు నన్ను చూసి కాదని, నేను పోయిన సంగతి అప్పటికే మరిచిపోయారని తెలిసి ఇంకా గట్టిగా తొక్కాను.